నిశాని నుంచి సంతకం దాకా: తెలంగాణ పల్లెల్లో మహిళా సంఘాల చరిత్ర

1

భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి మండలంలోని ఒక వూళ్లో, పత్తి ఏరే పనులు అయిపోయిన రోజుల్లో, పొదుపు సంఘం సమావేశం చూడటానికి విద్యార్థులు కొందరితో కలిసి వెళ్లాను. బడి వరండాలో చాపలు పరిచారు. అప్పు కాయితాల మీద సభ్యులు ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెడుతున్నారు. అరవై ఏళ్లు దాటిన ఒక అవ్వ తన పేరులోని నాలుగక్షరాలనూ నెమ్మదిగా రాసి, కలం పక్కామె చేతికిచ్చి, "ఇదివరకు నిశాని ఏసేదాన్ని బిడ్డా, ఇప్పుడు నా పేరు నేనే రాస్తున్న" అన్నది. ఆమె ముఖంలో గర్వం వుంది. వుండవలసిన గర్వమే. మా కుర్రవాడొకడు, "పైన ఏం రాసి వుందవ్వా?" అని అడిగాడు. "అది బ్యాంకు సారుకెరుక" అని ఆమె నవ్వింది.

ఈ వ్యాసం రాయటానికి కారణం ఆ జవాబే. నిశాని నుంచి సంతకం దాకా వచ్చిన దారి చిన్నదేమీ కాదు. దాని వెనక నూరేళ్లకు దగ్గరైన చరిత్ర వుంది. అయితే సంతకం వచ్చిన తర్వాత కూడా కాయితంలోని విషయం మరొకరి చేతిలోనే వుండిపోయిందంటే, పల్లె స్త్రీలను చదివించటానికీ ఆదుకోవటానికీ పుట్టిన సంఘాలు ఏం సాధించాయి, ఎక్కడ ఆగిపోయాయి అని మనం అడగక తప్పదు.

తెలంగాణ పల్లెల్లో నిశాని అంటే వేలిముద్ర. దొరల కాలంలో దీనికున్న అర్థం ఒక్కటే. నాగు తెచ్చుకున్న గింజలకు నిశాని. గింజలు తీరకపోతే ఎడ్లకు నిశాని. ఎడ్లు పోయిన తర్వాత చెలకకు నిశాని. కాయితం మీద ఎంత రాసిందీ పట్వారీకి తెలుసు, దొరకు తెలుసు, వేలు పెట్టినవాడికి తెలియదు. ఇక ఆ వేలు పెట్టే అవకాశం కూడా స్త్రీకి తక్కువ. భూమి మొగుడి పేరున, అప్పు మొగుడి పేరున, వెట్టి మాత్రం ఇంటిల్లిపాది మీద. అందువల్ల పల్లె స్త్రీకి చదువు కావాలనే మాట మనదేశంలో ఒట్టి విద్యా విషయంగా ఎన్నడూ లేదు. అది ఆది నుంచీ భూమి విషయం, అప్పు విషయం, కూలి విషయం. ఈ సంగతిని గుర్తించిన సంఘం నిలబడింది. గుర్తించని సంఘం ఎంత మంచి మనసుతో పుట్టినా ధర్మకార్యంగానే మిగిలిపోయింది.

2

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ థియేటరులో సంఘ సంస్కరణ సభ ఒకటి జరిగింది. అధ్యక్షుడు స్త్రీ విద్యకు జీవితాన్ని అంకితం చేసిన మహర్షి కార్వే. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు అల్లరి చేసి ఎగతాళి పట్టించారు. ఆ అవమానంలో నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అదే తర్వాత నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ అయింది. భాషకు జరిగిన అవమానం నుంచి పుట్టిన సంస్థ కాబట్టి బడినీ గ్రంథాలయాన్నీ అది మొదటి పనులుగా పెట్టుకున్నది.

స్త్రీ విద్య విషయంలో ఆ తరం చేసిన పనిని తక్కువచేసి చెప్పటం అన్యాయం. 1928లో మాడపాటి హనుమంతరావు పూనికతో నారాయణగూడలో తెలుగు బాలికల ఉన్నత పాఠశాల వెలసింది. ఉర్దూ తప్ప మరో భాషలో పై చదువులను ఒప్పుకోని ఆ రాజ్యంలో తెలుగు మాధ్యమం బడికి గుర్తింపు దొరకలేదు. చివరకు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడపవలసి వచ్చింది. ఎక్కడ తెలుగు నవ్వులపాలయిందో, ఆ సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి విశ్వవిద్యాలయమే తెలుగు పిల్లలకు చివరకు నీడ ఇచ్చింది. చరిత్రలో ఇటువంటి మలుపులు వుంటాయి.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఆ తర్వాత ఏ వూళ్లో మహాసభ జరిగితే ఆ వూళ్లోనే మహిళా సభ. 1931లో దేవరకొండలో టి. వరలక్ష్మమ్మ, 1934లో ఖమ్మంలో యల్లాప్రగడ సీతాకుమారి, 1935లో సిరిసిల్లలో మాడపాటి మాణిక్యమ్మ, 1937లో నిజామాబాదులో నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. సభ జరపాలంటే ముందే సర్కారు అనుమతి తెచ్చుకోవాలనే గస్తీ నిషాన్ 53 అమలులో వున్న రాజ్యంలో, ఘోషా ఆచారం పై కులాల ఇళ్లను కమ్ముకుని వున్న రోజుల్లో, స్త్రీలు వేదికనెక్కి ఆడపిల్లల చదువు గురించీ బాల్యవివాహాల గురించీ వితంతువుల గతి గురించీ మాట్లాడటం సాహసమే. ఆంగ్ల పాలిత ప్రాంతంలో బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1930లో అమలుకు వచ్చినా, నిజాం రాజ్యంలోని ఆడపిల్లకు దాని రక్షణ లేదు. అందువల్ల ఆ సభల మాటలు గాలి మాటలు కావు.

అయినా విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఆ పందిట్లో కూర్చున్నదెవరు? వకీళ్ల ఇళ్ల స్త్రీలు, వుద్యోగుల ఇళ్ల స్త్రీలు, కొందరు భూస్వాముల ఇళ్ల స్త్రీలు. ఘోషా వారి సమస్య. నాట్లు వేసే మాదిగ స్త్రీకి, దొర ఇంట్లో బట్టలుతికే చాకలి స్త్రీకి ఘోషా ఎక్కడిది? ఆమె సమస్య పిలిచిన వెంటనే గడీకి పోవలసి రావటం. చంటిపిల్ల ఇంట్లో ఏడుస్తుంటే పాలివ్వటానికి కూడా వదలకుండా పని చేయించుకున్న గడీల కథలు పోరాట చరిత్రల్లో కోకొల్లలు. "ఆడపిల్లను బడికి పంపండి" అని తీర్మానం చేస్తే, ఏ బడికి, ఎవరి అనుమతితో అని ఆ తల్లి అడుగుతుంది. పిల్ల బడికి పోతే గడీలో దాని వంతు పని ఎవరు చేయాలి?

సంస్కర్తలు చెడ్డవారని కాదు నేను చెప్పేది. స్త్రీ అనే మాటను వారు ఏకవచనంలో వాడారు. విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ కూడా స్త్రీయే. కడవెండి గడీలో కూర్చుని పల్లె స్త్రీలను ఆమె పెట్టిన బాధలను ఆ ప్రాంతం ఈనాటికీ మరిచిపోలేదు. దొరసానినీ ఆమె పనిమనిషినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఇద్దరికీ ఒకే విముక్తి చెప్పటం సాధ్యం కాలేదు.

3

1940 తర్వాత మహాసభ స్వభావం మారింది. 1941లో చిలుకూరు సభకూ, 1944లో భువనగిరి సభకూ రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. భువనగిరితో మహాసభ పల్లెలకు దిగి, వెట్టి రద్దు, అక్రమ వసూళ్ల రద్దు, కౌలుదార్ల హక్కు అనే కోర్కెలతో జనం సంస్థ అయింది. జనం దానికి పొడుగాటి పేరు వాడలేదు. "సంగం" అన్నారు. మొగుళ్లపల్లి అవ్వ తన పొదుపు బృందాన్ని ఈనాడు పిలిచే మాట కూడా అదే. మాట ఒక్కటే. అందులోని సారం ఒక్కటేనా అన్నదే మన ప్రశ్న.

ఇప్పుడు జనగామ జిల్లాలో వున్న పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కథ అందరికీ తెలిసిందే. తెలిసిందే కాబట్టి మన విషయానికి అవసరమైనంత వరకే చెప్తాను. ఐలమ్మ రజక స్త్రీ. బడి మెట్లెక్కిన మనిషి కాదు. మల్లంపల్లి భూస్వామి భూమిని కౌలుకు తీసుకుని ఇంటిల్లిపాదీ చాకిరీ చేసి పంట తీసింది. చాకలి స్త్రీ వెట్టి మానేసి పంట పండించుకోవటం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి కన్నెర్ర అయింది. ఆ భూమి తనదేనని పంటకోతకు తన మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వచ్చి ఆ మనుషులను తరిమి, పంట కోసి, గింజలు ఐలమ్మ ఇంటికి చేర్చారు. తర్వాత అరెస్టులు, దాడులు, ఇల్లు తగలబెట్టటం జరిగాయి. ఐలమ్మ భూమి వదలలేదు.

ఐలమ్మ సంఘంలో చేరినది చదువుకోసం కాదు. కాని సంఘంలో ఆమె నేర్చుకున్నది చదువు కాదని ఎవరనగలరు? ఎవరి కౌలు ఎవరికి చెల్లించాలో, పట్వారీ మాటకూ చట్టానికీ ఎంత దూరం వుందో, కోర్టు అంటే ఏమిటో ఆమె తెలుసుకున్నది. కాయితం మీద రాసిన దాన్ని ప్రశ్నించవచ్చునని తెలుసుకున్నది. అక్షరం రాని మనిషి కాయితాన్ని ఎదిరించింది. అక్షరం వచ్చిన మన అవ్వ కాయితాన్ని నవ్వి వదిలేసింది. ఈ రెంటి మధ్య వున్న తేడా ఆ ఇద్దరు స్త్రీల తెలివితేటల్లో లేదు. వారి చుట్టూ వున్న సంఘాల స్వభావంలో వుంది.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపిన తర్వాత పోరాటం వూరూరా పాకింది. స్త్రీలు వడిసెల రాళ్లు మోశారు, కారం నీళ్లతో రజాకార్లను ఎదుర్కొన్నారు, దళాలకు అన్నం పెట్టారు, దళాలను నడిపారు కూడా. ఆ రోజుల్లో చదువు రెండు వైపులనుంచి వచ్చి కలిసింది. నారాయణగూడ బడిలో చదువుకున్న ఆరుట్ల కమలాదేవి పల్లెకు వచ్చి తుపాకి పట్టింది. సంస్కరణోద్యమం నాటిన గింజ పోరాటపు నేలలో ఆ విధంగా మొలిచింది. బెజవాడలో స్త్రీలకు నడిచిన రాజకీయ పాఠశాలలకు తెలంగాణ యువతులు వెళ్లి వచ్చారు. భూస్వామి కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పాటనూ తుపాకినీ రెంటినీ పట్టుకుని, రాజక్క అనే పేరుతో పల్లెలు తిరిగింది. ఆమె తల మీద సర్కారు పదివేల రూపాయలు ప్రకటించింది. రాత్రి పూట గుడిసెల్లో పలకా బలపం పట్టినవారికి అక్షరం, కరపత్రం, వెట్టి లెక్క ఒకే పాఠం.

మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని పోరాట చరిత్రలు చెప్తాయి. గర్వపడవలసిన మాటే. కాని ఆ భూమిని కుటుంబం లెక్కన పంచారు. కుటుంబం అంటే లెక్కలో యజమాని, అంటే పురుషుడు. దొర కాయితంలో లేని స్త్రీ పేరు సంఘం కాయితంలోకి కూడా రాలేదు. మనం వెనక్కి తిరిగి చూసుకోవలసిన చోటు ఇదే.

4

1951 అక్టోబరు 21న పోరాట విరమణ జరిగింది. 1952 ఎన్నికల్లో కమలాదేవి ఆలేరు నుంచి శాసనసభకు వెళ్లి, తర్వాతి రెండు ఎన్నికల్లోనూ గెలిచారు. చాలాకాలం తర్వాత, 1978లోనూ 1983లోనూ స్వరాజ్యం తుంగతుర్తి నుంచి గెలిచారు. వీరి పేర్లు చరిత్రకెక్కాయి. వందలాది తక్కిన స్త్రీలు ఏమయ్యారు? ఇంటికి పొమ్మన్నారు. దళంలో రాత్రింబగళ్లు తిరిగిన పిల్లను పెళ్లాడేందుకు ఎవరూ ముందుకు రాని వూళ్లున్నాయి. ఆమె చేసినది త్యాగమని వేదిక మీద పొగిడిన నోళ్లే, ఇక వంట చూసుకోమని చెప్పాయి.

ఈ సంగతి మనకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1986లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన ఆ స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వారి మాటల్లోనే వారి జీవితాలను 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రచురించింది. మన పత్రికలూ మన మహాసభలూ ముప్ఫై అయిదేళ్లలో చేయని పని అది. ఆ పుస్తకాన్ని పోరాటం మీద నిందగా కొందరు చదివారు. నేనలా అనుకోను. పోరాటంలో జీవించిన క్షణాలే తమ జీవితంలో మంచి క్షణాలని ఆ స్త్రీలలో చాలామంది చెప్పారు. వారి బాధ పోరాటం జరిగినందుకు కాదు. అది తమ ఇంటి గుమ్మం దాకా రాకుండా ఆగినందుకు.

వర్గపోరాటం గెలిస్తే స్త్రీ సమస్య దానంతటదే తీరుతుందని మనవారు కొందరు ఇప్పటికీ వాదిస్తారు. దానంతటదే తీరే సమస్య ఏదీ లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలుకు వచ్చింది. అదే నెల 10న ఐలమ్మ కన్నుమూసింది. నలభై ఏళ్ల ముందు ఆమె పొలంలో నిలబడి అడిగిన హక్కుకూ, ఆడదాని పేరున భూమి వుండాలనే చట్టానికీ మధ్య ఒక జీవితమంత ఎడం వుంది. దేశమంతటికీ ఆ వాటా రావటానికి 2005 దాకా మరో ఇరవై ఏళ్లు పట్టింది.

5

పోరాటం ముగిసిన తర్వాత స్త్రీల సంక్షేమం సర్కారు చేతిలోకి పోయింది. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వాన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు కొద్దికాలంలో పరీక్షలకు కూర్చునే చదువు చెప్పే ఏర్పాటు ఆమె ఆలోచనే. దానివల్ల ఎందరో స్త్రీలు నర్సులయ్యారు, పంతులమ్మలయ్యారు. కాని పొలంలో కూలికి పోయే స్త్రీ ఆ గుమ్మం దాకా రావటం అరుదు.

ఆమె మళ్లీ చరిత్రలోకి వచ్చినది నెల్లూరు జిల్లాలో. 1990ల తొలి ఏళ్లలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులు నడిచాయి. వాచకంలో సారా వల్ల నాశనమైన కాపురం గురించీ, కలిసి నిలబడిన స్త్రీల గురించీ పాఠాలున్నాయి. దూబగుంట స్త్రీలు పాఠం చదివి పుస్తకం మూయలేదు. 1992లో సారా దుకాణం మూయించారు. ఆ వూరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సర్కారు సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. సర్కారు బడ్జెటుకు నొప్పి పుట్టగానే 1997లో నిషేధాన్ని ఎత్తివేశారు. ఎత్తివేత సంగతి ఎలా వున్నా, పాఠం నిలిచి వుంది. ఆమె బాధతో మొదలైన అక్షరం ఆమె చేతిలో ఆయుధమవుతుంది. "అల", "వల" అని మొదలైన అక్షరం మరుసటి ఏడాదికి మరుపున పడుతుంది.

ఆ తర్వాత సర్కారుకు కూడా ఒక పాఠం అబ్బింది. సారా మీద కలిసిన స్త్రీలను పొదుపు మీద కలిపితే ప్రమాదం లేదని గ్రహించింది. నెల్లూరు ఉద్యమపు వేడిలోనే డ్వాక్రా బృందాలు వేల సంఖ్యలో లేచాయి. వడ్డీ వ్యాపారి పీడ కొంత తగ్గిన మాట నిజం. నలుగురిలో కూర్చుని మాట్లాడటం, బ్యాంకు మెట్లెక్కటం నేర్చిన మాట నిజం. వాటిని వెక్కిరించే హక్కు మనకు లేదు. కాని సంఘానికి మిగిలిన ఎజెండా ఏమిటి? పొదుపు, అప్పు, వాయిదా. స్త్రీలు వాయిదా తప్పరన్న సంగతి సూక్ష్మరుణ కంపెనీలు కూడా కనిపెట్టి, అదే చాప మీదికి వచ్చి కూర్చున్నాయి. అప్పుల వేధింపులూ ఆత్మహత్యలూ పెరిగి, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆ కంపెనీలను అదుపుచేసే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ అప్పు కాయితాల మీద నిశానులు తక్కువ, సంతకాలు ఎక్కువ. సంతకం ఒక్కటే రక్ష అయితే ఆ ఆత్మహత్యలు జరగవలసింది కాదు.

ఇదే కాలంలో మరో ప్రయత్నం జరిగింది. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా 1989లో మహిళా సమాఖ్య అనే కార్యక్రమం కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 1990ల తొలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ మహిళా సమతా సొసైటీ పేరుతో తెలంగాణ పల్లెలకు వచ్చింది. మెదకు, మహబూబ్‌నగర్ జిల్లాలతో మొదలై ఇతర జిల్లాలకు విస్తరించింది. దాని పద్ధతిలో రెండు విశేషాలున్నాయి. ఒకటి, అది అప్పు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. రెండు, ఏం నేర్చుకోవాలో సంఘంలోని దళిత, కూలి స్త్రీలనే తేల్చుకోమన్నది. వారు కూలి రేటు గురించి అడిగారు, జోగిని ఆచారం గురించి అడిగారు, బాల్యవివాహాల గురించి అడిగారు, పంచాయతీ లెక్కల గురించి అడిగారు. చదువు మానిన ఆడపిల్లలకు మహిళా శిక్షణ కేంద్రాల్లో వుండి చదువుకునే వీలు కల్పించారు. సర్కారు సొమ్ముతో నడిచిన సంస్థ కాబట్టి దాని పరిమితులు దానికున్నాయి. భూమి ప్రశ్నను తుదిదాకా అది తీసుకుపోలేదు. అయినా స్త్రీని లబ్ధిదారుగా కాక విద్యార్థిగా చూసిన సంఘం అది. 2016లో కేంద్రం దానికి నిధులు ఆపివేసింది. అప్పు ఇచ్చే సంఘాలు బతికాయి. ప్రశ్న నేర్పే సంఘం మూతపడింది. ఇందులో వింత ఏమీ లేదు. ఏ రాజ్యమైనా అలాగే చేస్తుంది. వింత ఏమిటంటే, అది మూతపడినప్పుడు మనలో చాలామందికి తెలియను కూడా తెలియలేదు.

6

మళ్లీ మొగుళ్లపల్లికి వస్తాను. ఇది పత్తి, మిర్చి పండే ప్రాంతం. 1997-98లో పురుగు తిన్న పత్తి చేలల మధ్య రైతుల ఆత్మహత్యలతో దేశమంతా పేరు విన్న పాత వరంగల్ జిల్లాలో ఇది భాగం. రైతు చనిపోయిన ఇంట్లో మిగిలేది స్త్రీ. 2004లో 421 నంబరు జీవోతో పరిహారం ప్రకటించినప్పుడు ఆమెను అడిగినది కాయితాలే. భూమి ఎవరి పేరున? అప్పు ఎవరి దగ్గర, ఎంత? కౌలు భూమి అయితే రుజువేది? 2018లో మొదలైన రైతుబంధు సాయం కూడా పట్టాదారుకే ముట్టింది. చేలో వంగి పనిచేసే ఆడదానికి గాని, కౌలుదారుకు గాని ముట్టలేదు. ఐలమ్మ కౌలు పొలంలో నిలబడి దేశ్‌ముఖ్‌కు జవాబు చెప్పిన ఎనభై ఏళ్లకు కూడా కౌలు స్త్రీకి కాయితం లేదు.

కాబట్టి ఈ నూరేళ్ల చరిత్ర నుంచి నాకు కనిపించే విషయం ఇది. సంస్కర్తల సభ స్త్రీకి అక్షరం ఇవ్వజూపింది, భూమిని తలవలేదు. పోరాట సంఘం భూమిని తెచ్చింది, దాని కాయితం మీద ఆమె పేరు రాయలేదు. సర్కారు సంఘం ఆమె పేరు రాయటం నేర్పింది, ఏ కాయితం మీద రాస్తున్నదో చెప్పలేదు. ఈ మూడు పనులూ ఒక్క చోట జరగనంతవరకు ఏ సంఘమూ ఆమెది కాదు, ఆమె కోసం ఎవరో నడిపేది మాత్రమే.

ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది అధ్యాపకులూ విద్యార్థులూ. మనలో చాలామంది అమ్మలూ అమ్మమ్మలూ నిశాని వేసినవారే. సెలవుల్లో వూరికి పోయినప్పుడు మనం చేయగలిగిన పని ఒకటి వుంది. సంఘం చాప మీద కూర్చుని ఆ అప్పు కాయితాన్ని పైనుంచి కింది దాకా బిగ్గరగా చదవాలి. వడ్డీ ఎంతో, వాయిదా తప్పితే ఏమవుతుందో, ఎవరి పూచీ ఎంతో వారి భాషలో చెప్పాలి. పట్టా పుస్తకం తెప్పించి ఎవరి పేరున వుందో చూపించాలి. సంఘం తీర్మానాల పుస్తకాన్ని చదువుకున్న ఒక్కరి చేతి నుంచి అందరి చేతుల్లోకీ తిప్పించాలి. ఇది విప్లవం కాదని కొందరు పెదవి విరుస్తారు. 1940లలో రాత్రి బడి కూడా విప్లవం కాదు. కాని వెట్టి లెక్క మొదట తప్పని తేలినది అక్కడే.

ఆ రోజు మేము లేచి వచ్చేటప్పుడు మా విద్యార్థిని ఒకతె అవ్వ పక్కన కూర్చుని ఆ కాయితాన్ని చదివి వినిపించింది. అవ్వ మధ్యలో రెండుసార్లు ఆపి, "మళ్లొకసారి చదువు బిడ్డా" అన్నది. చదవటం పూర్తయిన తర్వాత ఆమె నవ్వలేదు. "గిట్లనా? మరి ఇన్నొద్దులు మాకెందుకు చెప్పలే?" అని అడిగింది. ఆ ప్రశ్న బ్యాంకు సారును అడిగినదని మేము మొదట అనుకున్నాం. దారిలో ఆలోచిస్తే, మమ్మల్ని అడిగినదని అర్థమయింది.